పడమర తొంభై

ఆ ఉదయం ఆకాశంలో చెప్పుకోడానికి ఏమీ లేదు. మబ్బు తునక లేదు, పిట్ట లేదు, పొగ లేదు. తోమి బోర్లించిన గిన్నె అడుగులా తెల్లగా, ఖాళీగా ఉంది. ఏడు కాకముందే ఎండ మెట్లెక్కి గుమ్మంలో కూర్చుంది.

లెక్కలాయన చెప్పులు వేసుకుంటూ వంటింట్లోకి తొంగిచూశాడు. అక్క చిన్న బల్లమీద కూర్చుని తన నీలం యూనిఫారం కోటు మడత పెడుతోంది. ఉతికి ఇస్త్రీ చేసినదే. విప్పుతోంది, దులుపుతోంది, మళ్ళీ అదే మడతలమీద మడుస్తోంది. నాలుగు రోజులుగా ఆమె డ్యూటీకి వెళ్ళడం లేదు. రావద్దన్నారు.

"వెళ్ళొస్తా అక్కా" అన్నాడు.

"ఊఁ" అంది ఆమె. తల ఎత్తలేదు.

అక్క ఆయాగా పనిచేసే ఆసుపత్రి ఊరి చివర ఉంది. ఆపరేషనయినవాళ్ళు, ఎముకలు విరిగినవాళ్ళు మళ్ళీ నడిచేదాకా వారాల తరబడి అక్కడ ఉంటారు. మూరెడు మందం గోడలు, మూడు పొరల అద్దాల కిటికీలు, చీమ దూరే సందు లేని తలుపులు. కరెంటు చాలా తక్కువ ఖర్చయ్యేలా కట్టిన ఇల్లు. చలికాలంలో హీటరక్కర్లేదు, వేసవిలో ఏసీ అక్కర్లేదు అని చెప్పి కట్టారు. జనం దానికి ఫ్లాస్కు ఆసుపత్రి అని పేరు పెట్టారు. పోసింది పోసినట్టే ఉంటుందని.

పోయిన గురువారం సాయంత్రం అక్కడ మూడో అంతస్తులో, పడమటి వరసలో, ముప్పై ఒకటో నంబరు గదిలో ఒక టైలరమ్మ వేడికి ప్రాణం వదిలింది. తుంటి ఎముక విరిగి కాలికి బరువులు కట్టిన మనిషి. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేదు. గోడమీది థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపిస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి. ఆమె కూతురు కిటికీకి కట్టిన దుప్పటిని ఆ ఉదయమే ఆయా విప్పి, మడిచి, బీరువాలో పెట్టింది. ఆ ఆయా అక్క. శుక్రవారం విచారణ.

ఆ ఇంటికి ఎండ లెక్క కట్టినవాడు తమ్ముడు.

ఆఫీసంటే మూడు బల్లలు, ఒక అద్దాల గది. అద్దాల గది డైరెక్టరుది. బల్లల్లో ఒకటి లెక్కలాయనది, ఇంకొకటి బొమ్మలు గీసేవాడిది. అతన్ని అందరూ గీతలాయన అంటారు. కట్టబోయే ఇళ్ళకు ఏ కిటికీలోంచి ఎంత ఎండ వస్తుంది, ఆ ఎండ ఎంత వేడవుతుంది, ఆ వేడి చలికాలంలో ఎంత ఆదుకుంటుంది, వేసవిలో ఎంత బాధపెడుతుంది, ఇవన్నీ ముందే లెక్కకట్టి చెప్పడం అక్కడి పని.

దానికి రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పాతదానికి తాత అని, కొత్తదానికి మనవడు అని గీతలాయన ఏనాడో పేర్లు పెట్టాడు. తాత నెలవారీ సగటు తీసుకుంటాడు. కిటికీ ఎంత పెద్దది, అద్దం ఎంత వేడిని లోపలికి వదులుతుంది, ఎటు తిరిగి ఉంది, ఇవి చెబితే చాలు, నిమిషంలో ఇంటి మొత్తానికి ఒక్క అంకె చెప్పేసి ఊరుకుంటాడు. మనవడు అలా కాదు. ఏడాదిలో ఉన్న ఎనిమిది వేల ఏడు వందల అరవై గంటలూ ఒక్కొక్కటే నడుస్తాడు, గది గదికీ తిరుగుతాడు. వాడు నడుస్తున్నంతసేపూ కంప్యూటరు ఫ్యాను రొప్పుతూ ఉంటుంది. ఆసుపత్రి కట్టేటప్పుడు లెక్కలాయన ఇద్దరిచేతా లెక్క కట్టించి పోల్చాడు. మొత్తంలో నూటికి రెండు కూడా తేడా రాలేదు. పక్కపక్కన ఒకే ఎత్తున నిలబడ్డ రెండు నిలువు గీతల ఆ పటాన్ని డైరెక్టరు ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక వేలాడదీసుకున్నాడు. వచ్చిన ప్రతి పార్టీకీ చూపిస్తాడు.

ఆ మంగళవారం డైరెక్టరు గదిలోంచి బయటికి వచ్చి లెక్కలాయన కుర్చీ వీపుమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. విచారణ కమిటీకి మన తరఫున ఒక కాగితం ఇవ్వాలన్నాడు. ఇంకొక సాఫ్ట్‌వేరు ముప్పై రోజుల వాడకానికి తెప్పించానన్నాడు. ఆసుపత్రిని అందులోకి కూడా ఎక్కించి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి. మూడూ ఒకే మాట చెబితే కట్టడంలో లోపం లేదని తేలిపోతుంది. ఇక మిగిలేది మనుషుల వాడకం.

లెక్కలాయన తెరవైపే చూస్తున్నాడు.

"ఆయా మీ అక్కగారని నాకు తెలుసు" అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి. "అందుకే మీరు చెయ్యాలి. మీ చేతిమీదుగా వెళితే ఎవరూ పక్షపాతం అనరు."

చెయ్యి తీసేశాక కూడా కుర్చీ వీపు కాసేపు వెచ్చగానే అనిపించింది.

గీతలాయన తన బల్ల దగ్గరనుంచి, మూడోదానికి ఏం పేరు పెడదాం గురూ అని అడిగాడు. జవాబు రాకపోయేసరికి తనే, కొత్త కోడలు అందాం, ఇంట్లో ఏ మూల ఏముందో వచ్చిన మర్నాడే కనిపెట్టేస్తుంది అన్నాడు. లెక్కలాయన నవ్వలేదు. మనవడి ఫైలు తీసి కొత్తదాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. గోడలు ఎక్కాయి. కిటికీలు కొన్ని ఎక్కాయి, కొన్ని గాలిలో వేలాడాయి. వాటిని ఒక్కొక్కటే పట్టుకుని గోడలో దింపాడు. పైకప్పు తిరగబడింది, దాన్ని సరిచేశాడు. సాయంత్రానికి మొత్తం అంకె వచ్చింది. తాత, మనవడు, కోడలు. మూడు గీతలూ ఇంచుమించు ఒకే ఎత్తు.

డైరెక్టరు చూసి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వంటింటి కిటికీలోంచి పొద్దు సూటిగా పొయ్యిమీద పడుతోంది. ఆ ఇంట్లో సాయంత్రం వంట చేయడమంటే రెండు పొయ్యిల మధ్య నిలబడ్డట్టే. భార్య కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఇళ్ళన్నిటికీ ఎండ లెక్కలు కడతారు, మన కిటికీ సంగతి మాత్రం ఏ కంప్యూటరుకీ పట్టదు అంది. రోజూ అనే మాటే. రోజూ ఆ మాటకు అక్క ఏదో ఒకటి తగిలించేది. ఆ వేళ తగిలించలేదు.

ఆసుపత్రి ఎండమీద అక్క అలాంటి మాట విసిరి మూడేళ్ళయింది. ఆసుపత్రి కొత్తగా తెరిచిన నెలలోనే ఒక సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, "ఒరే, మీ కాగితంలో పొద్దు తూర్పున కుంగుతుందా ఏం?" అంది. కాగితమంటే ఆయాలకు, నర్సులకు అతను రాసిచ్చిన సూచనల పట్టిక. ప్రతి అంతస్తులోనూ గోడకు అతికించారు. తూర్పు గదులకు బయటి తెరలు దించాలి. పడమటి గదులకు తెరలు అక్కర్లేదు. పగలంతా కిటికీలు మూసి ఉంచాలి, పొద్దుపోయాక తెరవాలి. కిటికీలకు లోపలివైపు దుప్పట్లు, బట్టలు కట్టరాదు, అద్దానికీ బట్టకూ మధ్య వేడి చేరితే అద్దం చిట్లుతుంది. ఆవేళ భార్య పొలమారేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వాక ఎనిమిది వేల ఏడు వందల అరవై గంటల సంగతి అక్కకు విడమరిచి చెప్పాడు. కంటికి కనిపించే ఎండ వేరు, గోడల్లో నిలవుండే వేడి వేరు అని చెప్పాడు. అక్క మజ్జిగ కలుపుకుంటూ మొత్తం విన్నది. ఏమోరా, చదువుకున్నోడివి అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తరవాత అదే కాగితానికి ఆమె ప్లాస్టిక్ తొడుగు వేయించింది. రోగుల బంధువులు ఎవరైనా కిటికీకి గుడ్డ కట్టబోతే దాని ముందుకు తీసుకెళ్ళి వేలు పెట్టి చదివించేది. "మా తమ్ముడు లెక్కగట్టి రాసింది" అనేది.

బుధవారం పొద్దున లెక్కలాయన పట్టిక టైపు చేస్తూ, కాగితంలో పెట్టడానికి ఒక బొమ్మ ఉంటే బాగుంటుందని కొత్త కోడల్ని మళ్ళీ తెరిచాడు. తాతకీ మనవడికీ లేని ఒక గుణం దీనికి ఉంది. తేదీ, వేళ చెబితే ఇంటిమీద ఆ వేళకు ఎండ ఎక్కడ పడుతుందో పసుపు రంగులో చూపిస్తుంది. పోయిన గురువారం తేదీ కొట్టాడు. సాయంత్రం అయిదు అని కొట్టాడు.

గేటువైపు గోడ మొత్తం పసుపురంగు తిరిగింది.

అతను తెరకు కొంచెం దగ్గరగా జరిగాడు. ఆసుపత్రి ప్రారంభం రోజున గేటువైపు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు తను. రిబ్బను కత్తిరించేవాళ్ళకు దారి ఇస్తూ. పొద్దు తిన్నగా కళ్ళలో కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు టైము ఉదయం తొమ్మిదిన్నర.

వేళను వెనక్కి, ఉదయం తొమ్మిదిన్నరకు జరిపాడు. పసుపురంగు గేటువైపునుంచి జారి, ఇంటి వెనకవైపు, బట్టలారేసే తీగలవైపు పోయి పడింది. ముందుకు జరిపాడు. గేటుమీదికొచ్చింది. వెనక్కి జరిపాడు. తీగలమీదికి పోయింది. తెరమీద పొద్దు పడమట పొడిచి తూర్పున కుంగుతోంది.

తాత ఫైలు తెరిచాడు. పడమటి గోడ: తొంభై. మనవడి ఫైలు తెరిచాడు. పడమటి గోడ: తొంభై.

తాతకు దక్షిణం సున్నా. అక్కడినుంచి పడమటివైపు తిరిగితే తొంభై. మనవడికి ఉత్తరం సున్నా. అక్కడినుంచి తూర్పువైపు తిరిగితే తొంభై. ఇద్దరికీ తొంభై ఉంది. కానీ ఒకడి తొంభై పొద్దుగూకేవైపు, ఇంకొకడి తొంభై పొద్దుపొడిచేవైపు. అతను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అంకెను తెచ్చాడు, దిక్కును తేలేదు. ఇల్లు మొత్తం వెనక్కి తిరిగిపోయింది. పొడుగాటి ఇల్లు, రెండు చివర్లా మెట్లున్న బోడిగోడలు, కిటికీలన్నీ తూర్పుకూ పడమరకూ సగం సగం. అందుకే మొత్తం మారలేదు. మొత్తం చూసినవాడికి తప్పు కనిపించదు. గదుల్లో ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది. మనవడు వేడెక్కుతాయని చెప్పిన గదులకు బయటి తెరలు బిగించారు. వేడెక్కవన్న గదులను వదిలేశారు.

సొరుగులో అడుగునుంచి మూడేళ్ళ కిందటి నోటుపుస్తకం తీశాడు. పెన్సిలుతో, తన చేతిరాతే, ప. 90. దాని పక్కన రెండోసారి సరిచూసుకున్నప్పుడు పెట్టుకున్న టిక్కు. టిక్కు తోక కొంచెం సాగి పక్క గడిలోకి వెళ్ళింది. ఆ రోజు అంత తీరిగ్గా పెట్టాడన్నమాట.

మనవడి ఫైల్లో తొంభై తీసేసి, వాడి లెక్కలో పడమర అయిన రెండు వందల డెబ్భై కొట్టాడు. తూర్పు గోడను కూడా మార్చాడు. గురువారంనాటి అసలు ఎండ వివరాలు ఎక్కించి, నడవమన్నాడు. ఫ్యాను రొప్పడం మొదలుపెట్టింది. గంటసేపు అతను చేతులు బల్లమీద బోర్లించుకుని కూర్చున్నాడు. గోళ్ళు చూసుకున్నాడు. గీతలాయన టీ తెచ్చి పెడితే తాగలేదు, అది మీగడ కట్టింది.

ముప్పై ఒకటో గది, గురువారం, సాయంత్రం అయిదు. ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు.

గీతలాయన వెనకనుంచి చూశాడు. చూసి, గ్లాసులు తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళాడు. రెండు గ్లాసులు కడగడానికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి, చెయ్యి తుడుచుకుంటూ, ఇది ఇప్పటికి మనిద్దరికే తెలుసు గురూ అన్నాడు. అది ధైర్యం చెప్పడమో, జాగ్రత్త చెప్పడమో లెక్కలాయనకు అర్థం కాలేదు.

డైరెక్టరు ఆ మధ్యాహ్నం ఊళ్ళో లేడు. గురువారం వచ్చాడు. లెక్కలాయన చెప్పింది మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారి కుర్చీ తిప్పుకుని గోడమీది పటంవైపు చూశాడు.

"మొత్తం అంకె మారిందా?"

"లేదండి."

"కమిటీ అడిగింది మొత్తమే."

లెక్కలాయన నిలబడే ఉన్నాడు. డైరెక్టరు బల్లమీది కాగితాలు ఒక వరసకు తెచ్చాడు. టైలరమ్మ పోవడం తనకూ బాధగానే ఉందన్నాడు. పడమటివైపు తెరలు పెట్టించడానికి తనే ప్రయత్నం చేస్తానన్నాడు, నెమ్మదిగా, ఈ గొడవ సద్దుమణిగాక. ఆసుపత్రివాళ్ళతో ఇప్పటికే మాట్లాడానన్నాడు. అక్కను పనిలోంచి తియ్యరు. ఒక హెచ్చరిక రాసి, రోగుల దగ్గరనుంచి బట్టలుతికే గదికి మారుస్తారు. అంతటితో సరి.

"మీరు పట్టిక ఇచ్చి ఊరుకుంటే ఆమె ఉద్యోగం ఉంటుంది" అన్నాడు. "మాట్లాడితే ఎవరిది ఉంటుందో నేను చెప్పలేను."

అది బెదిరింపులా అనలేదు. రేపు ఎండ ఎలా ఉంటుందో చెప్పినట్టు అన్నాడు.

ఆ సాయంత్రం లెక్కలాయన ఇంటికి నడిచే వచ్చాడు. దారిపొడవునా అక్కకు ఎలా చెప్పాలో ఆలోచించుకున్నాడు. ముందు తొంభై సంగతి చెప్పాలా, ముందు కాగితం తప్పని చెప్పాలా. తప్పని చెబితే ఆ మరుక్షణం అక్క కళ్ళముందు ఏం ఆడుతుందో అతనికి తెలుసు. టైలరమ్మ కిటికీ, ఆ దుప్పటి, దాన్ని ముడి విప్పుతున్న తన వేళ్ళు.

అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని, మోకాలిమీద అట్ట పెట్టుకుని సంజాయిషీ రాస్తోంది. ఆరో తరగతి చదువు. అక్షరాలు పెద్దవి పెద్దవిగా, వరస తప్పకుండా ఉన్నాయి. అతన్ని చూడగానే కాగితం ఇచ్చి, "తప్పులుంటే దిద్దరా" అంది.

చదివాడు. నేను కాగితంలో ఉన్నట్టే చేశాను. కిటికీలు మూసినాను. దుప్పటి కట్టరాదని ఉన్నందున తీసినాను. కాగితంలో తప్పు లేదు. అది తెలిసినవారు రాసినది. టైలరమ్మగారి మంచానికి బరువులు ఉన్నందువలన వరండాలోనికి జరపలేకపోతిని. ఆమె ఆత్మకు శంతి కలగాలి.

లెక్కలాయన జేబులోంచి పెన్ను తీశాడు. శంతిని శాంతి చేసి, కాగితం తిరిగి ఇచ్చాడు.

"అంతేనా, ఇంకేం లేవా?" అంది.

"లేవక్కా."

విచారణ ఆసుపత్రి భోజనశాలలో పెట్టారు. నాలుగు బల్లలు కలిపి పైన తెల్లగుడ్డ పరిచారు. కమిటీవాళ్ళు ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన రిటైరైన ఇంజనీరు, తెల్లటి కనుబొమలు, మాట మెత్తన. ఒకవైపు ఆసుపత్రి సూపర్‌వైజరమ్మ, ఆమె పక్కన డైరెక్టరు. గోడవారగా టైలరమ్మ కూతురు ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. అక్క యూనిఫారం వేసుకొచ్చింది. అదే మడతలు, గీత గీసినట్టు.

ముందు అక్క సంజాయిషీ చదివారు. తరవాత లెక్కలాయనను పిలిచారు. అతని చేతిలో పట్టిక ఉంది. రాత్రంతా నిద్రపోని కళ్ళు. కాగితం బల్లమీద పెట్టకుండానే, ఇది సరైనది కాదండి అన్నాడు. డైరెక్టరు తల దించుకుని చేతి గడియారం సరిచేసుకున్నాడు.

లెక్కలాయన తొంభై గురించి చెప్పాడు. తాత, మనవడు అనకుండా సాఫ్ట్‌వేర్ల అసలు పేర్లే చెప్పాడు. చెబుతున్నంతసేపూ అక్కవైపు చూడలేదు. తెల్లకనుబొమలాయన, మాకు అర్థమయ్యేలా ఒక్క ముక్కలో చెప్పండి అన్నాడు.

"గోడమీది కాగితంలో తూర్పు పడమరలు తారుమారయ్యాయి. తప్పు నాది. ఆమె కాగితం ప్రకారమే చేసింది."

ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తెల్లకనుబొమలాయన రాసుకుంటున్నాడు. అక్కడితో ఆపాల్సింది. కానీ మూడు రోజులుగా మోస్తున్నది ఇంకొకటి ఉంది. అది అక్కకు మేలే చేస్తుందనుకున్నాడు.

"ఆమె నాకు ముందే చెప్పింది కూడానండి" అన్నాడు. "మూడేళ్ళ కిందటే. మీ కాగితంలో పొద్దు తూర్పున కుంగుతుందా అని అడిగింది. నేనే నవ్వి ఊరుకున్నాను."

రాస్తున్న పెన్ను ఆగింది. ఆయన తల ఎత్తి అక్కవైపు చూశాడు.

"అలా అన్నావా అమ్మా?"

అక్క తమ్ముడివైపు చూసింది. ఆ గదిలోకి వచ్చాక అతన్ని చూడడం అదే మొదలు. కోపం లేదు ఆ చూపులో. బస్సు దాటిపోయాక దాని వెనక చూసినట్టు చూసింది.

"అన్నానండి."

"అయితే పడమటి గదుల్లో ఎండ కొడుతుందని నీకు తెలుసు."

"తెలుసండి. నాలుగయ్యేసరికి మంచాలు వరండాలోకి తోసేదాన్ని. రోజూ. ఆవిడ మంచం బరువులమూలంగా కదల్లేదు."

"తెలిసి కూడా దుప్పటి తీశావు."

అక్క కోటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చదును చేసింది. చాలాసేపు చేసింది.

"కాగితం మా తమ్ముడిదండి" అంది.

ఆయన మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు డైరెక్టరు, చాలా మర్యాదగా, ఒక్క మాట అంటూ లేచాడు. యంత్రమన్నాక, అంకెలన్నాక పొరపాట్లు తప్పవన్నాడు. ఆ పొరపాటు తన సంస్థలో ఒక ఉద్యోగి చేసినందుకు విచారం తెలిపాడు. "కానీ అందుకే కదండీ, కళ్ళున్న మనిషిని అక్కడ పెట్టుకునేది. పొద్దు ఎటు కుంగుతుందో చూడడానికి కంప్యూటరు అక్కర్లేదు." సూపర్‌వైజరమ్మ తల పంకించింది.

లెక్కలాయన నోరు తెరిచాడు. తెల్లకనుబొమలాయన చెయ్యి ఎత్తి, మీరు చెప్పాల్సింది చెప్పారు, మంచి పని చేశారు, కూర్చోండి అన్నాడు.

మూడింటికల్లా తీర్పు టైపయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ల మధ్య దిక్కుల లెక్కలో తేడావల్ల సూచనల పట్టికలో పొరపాటు దొర్లినట్టు గుర్తించారు. లెక్క కట్టిన ఉద్యోగి నిజాయితీగా ఒప్పుకున్నందున అతనికి మందలింపు చాలన్నారు. పడమటివైపు కూడా బయటి తెరలు వెంటనే బిగించాలని, ఆ పని డైరెక్టరుగారి సంస్థే చూడాలని రాశారు. ప్రమాదం ఉందని ముందే ఎరిగి ఉండీ పైవారికి తెలపక, రోగి బంధువులు చేసుకున్న ఏర్పాటును కూడా తొలగించినందుకు ఆయాను ఉద్యోగంనుంచి తీసేశారు. యూనిఫారం అప్పగించి వెళ్ళాలి.

అక్క లోపలికి వెళ్ళి మామూలు చీరలో బయటికి వచ్చింది. కోటు మడత పెట్టి కౌంటరుమీద పెట్టింది. దాని గుండీ ఒకటి విడివడితే దాన్ని మళ్ళీ పెట్టి, చేత్తో ఒకసారి అదిమింది.

వరండాలో టైలరమ్మ కూతురు లెక్కలాయనకు ఎదురొచ్చింది. సంచీలోంచి ఆ దుప్పటి అంచు కనిపిస్తోంది. కత్తిరింపుల్లో మిగిలిన రంగురంగుల ముక్కలన్నీ కలిపి టైలరమ్మ కుట్టినది, కుట్టు సన్నగా, తిన్నగా ఉంది. అతను ఏదో అనబోయాడు. ఆమె వినదలచుకోలేదు. ఒక సంగతి మాత్రం అడిగింది.

"ఇప్పుడు వేసిన లెక్కలో మా అమ్మ గదికి ఎంతొచ్చిందండి?"

"ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు."

"గోడమీద ముప్పై తొమ్మిది చూశాను నేను."

అతను సంచీవైపు చూశాడు.

"అయితే ఇప్పుడు సరిపోయిందన్నమాట" అంది. అని, సంచీ భుజానికి సర్దుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ చూసుకుంటూ, తొందర లేకుండా.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఎండవైపు. అతను ఇటు మారమన్నాడు, ఆమె మారలేదు. రెండు స్టాపులు గడిచాయి. మూడో స్టాపులో బస్సు ఖాళీ అయింది.

"నన్ను ఒక్క మాట అడగాల్సిందిరా" అంది బయటికి చూస్తూనే.

"ఏమని?"

"ఉతికే గదికి మారుస్తామన్నారు. నిన్న పొద్దున్నే సూపర్‌వైజరమ్మ కబురుపెట్టింది. సరేనన్నాను."

అతని చేతులు ముందు సీటు కమ్మీమీద ఉన్నాయి. అవి అక్కడే ఉండిపోయాయి.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వు చెప్పావా?"

బస్సు మలుపు తిరిగింది. ఎండ ఆమె ముఖంమీదినుంచి అతని ముఖంమీదికి వచ్చింది. అక్క ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తోంది, విప్పుతోంది. దిగేముందు మాత్రం అంది, అతనితో కాదు, తనతోనే అన్నట్టు. "ముడి గట్టిగా వేసింది ఆ పిల్ల. విప్పడానికి ఇంతసేపు పట్టింది. అప్పుడైనా అనుకోవాల్సింది నేను."

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. భార్యకు వాళ్ళ ముఖాలు చూశాక అడగాల్సిన అవసరం లేకపోయింది. మధ్యాహ్నం ఎవరూ తినలేదని గ్రహించి, కంచాలు తీసి కడిగింది. వంటింట్లోనే పెట్టింది. కిటికీలోంచి ఎండ పలకలా వచ్చి నేలమీద, కంచాలమీద, అతని మోకాళ్ళమీద పడింది. స్టీలు కంచం కంట్లోకి తళుక్కుమంది. అతను కళ్ళు దించుకోలేదు, పక్కకు జరగలేదు.

భార్య వడ్డించబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క నిమిషం అన్నట్టు లేచింది. పక్కగదిలోకి వెళ్ళింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. పాత నూలు దుప్పటి ఒకటి తెచ్చింది. ఉతికి ఉతికి మధ్యలో పల్చబడింది. బల్ల లాక్కుని ఎక్కి, కిటికీకి ఆ చివరా ఈ చివరా ఉన్న మేకులకు దాన్ని కట్టింది. మొదటి ముడి వేసింది. లాగి చూసింది. దానిమీద ఇంకో ముడి వేసింది. రెండో మేకు దగ్గర మేకు వదులుగా ఉంటే అరచేత్తో లోపలికి నెట్టి, మళ్ళీ కట్టింది. లెక్కలాయన ఆ వేళ్ళనే చూస్తున్నాడు. లేచి సాయం పట్టాలనుకున్నాడు, లేవలేకపోయాడు.

కంచంమీది తళుకు ఆరిపోయింది. వంటిల్లు చల్లబడలేదు గానీ, నీడ పడింది.

అక్క దిగి, బల్ల యథాస్థానంలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. భార్య ముగ్గురికీ అన్నం పెట్టింది. తనూ కూర్చుంది. దుప్పటి వెనక పొద్దు ఎర్రటి మచ్చలా పల్చటి నూలులోంచి కనిపిస్తూ, నెమ్మదిగా కిందికి దిగుతోంది. అక్క కూర గిన్నె తమ్ముడివైపు జరిపింది. అతను వేసుకున్నాడు. తల వంచుకుని, ముగ్గురూ పెట్టింది పెట్టినట్టు తిన్నారు.